లైనింగ్ వెయ్యమన్నది నేనే

ఆ సంచి నేను కుట్టిందే. ముందే చెప్పేస్తున్నాను. ఎక్కడ మీటింగు పెట్టినా, కాలేజీ పిల్లలైనా మిల్లు వాళ్ళైనా, చివర్లో ఎవరో ఒకరు లేచి అడుగుతారు, "అలాంటిది ఎలా కుట్టావమ్మా?" అని. అడిగేదాకా ఎందుకు? కుట్టాను. బాగా కుట్టాను. పైగా దానికి లైనింగ్ వెయ్యమని సలహా ఇచ్చింది కూడా నేనే. వినండి.

ఆ రోజు ఉదయం షిఫ్టు బస్సులో మా కుట్టు ఫ్యాక్టరీ లైను ఆడవాళ్ళం నలభై మందిమి ఉన్నాం. మా వీధి మలుపులో బస్సు ఆగిపోయింది. వీధికి ఆ చివరా ఈ చివరా పోలీసులు. మనకు తెలిసిన పోలీసుల్లా లేరు. ఒంటి నిండా ఇసుక రంగు బట్టలు, మోకాళ్ళకు గట్టి చిప్పలు, కళ్ళకు నల్లద్దాలు. వాళ్ళ బండి కూడా ఇసుక రంగే. మా ఊరి చుట్టూ ఎంత దూరం పోయినా ఇసుక దిబ్బ ఒక్కటి లేదు. ఇటుక గోడలు, మురిక్కాలవలు, తీగల మీద ఆరేసిన బట్టలు. వీటి మధ్య ఆ రంగేసుకుని ఎవరి కంట పడకుండా దాక్కుందామనో! ఆ బండి మా సందు కంటే వెడల్పు. సైకిళ్ళు బాగుచేసే తాత రేకుల పందిరిని పీక్కుంటూనే లోపలికొచ్చింది. తాత కింద పడ్డ రేకులు ఏరుకుంటున్నాడు. ఒక్కడు కూడా ఆయన వైపు చూడలేదు.

ప్రతి తలుపు మీదా సుద్దతో ఒక అక్షరం, ఒక అంకె రాశారు. నడి వీధిలో పధ్నాలుగు మంది మగవాళ్ళను వరసగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. చేతులు వెనక్కి విరిచి ప్లాస్టిక్ పట్టీలతో బిగించారు. తలలకు నల్ల సంచులు తొడిగి, మెడ దగ్గర నాడా లాగి ముడేశారు. వాళ్ళ ఆఫీసరు ఒక్కో తల మీద చెయ్యి పెట్టి లెక్కపెడుతూ నడిచాడు. చివరి తల అయిపోగానే జేబులోంచి చిన్న సీసా తీసి, చేతులు కడుక్కునే మందు పోసుకుని రుద్దుకున్నాడు. అంటు పట్టుకుంటుందేమోనని!

బస్సులో అందరం ఆ సంచుల వైపే చూస్తున్నాం. భయంతో మాత్రమే కాదు. ఆ సంచి మాకు తెలుసు. నెల రోజులుగా మా లైనులో కుడుతున్నది అదే.

నా పక్క సీట్లో మా అక్క. ఫ్యాక్టరీలో కూడా మావి పక్కపక్క మిషన్లే. అక్క కిటికీ ఊచ పట్టుకుని లేచి నిలబడింది.

"ఒసేయ్, ఆ చివర్నుంచి మూడో మనిషి. ఆ చెయ్యి చూడవే."

చూశాను. కుడి బొటనవేలికి గోరు లేదు. పైపు మీద పడి ఊడిపోయిన గోరు. అది మా బావ చెయ్యి.

బావ నీళ్ళ పైపులు బిగించే కార్మికుడు. నెల కిందట వాళ్ళలో ఇద్దరు గొయ్యిలోకి దిగి, లోపలి గాలి పీల్చి, అక్కడే చచ్చిపోయారు. గొయ్యిలో దిగేటప్పుడు ముక్కుకు పెట్టుకునే ముసుగులు ఇవ్వండి, నడుముకు తాళ్ళివ్వండి అని వీళ్ళు మూడు రోజులుగా నీళ్ళ ఆఫీసు ముందు కూర్చున్నారు. అంతే వాళ్ళు చేసిన నేరం. ముసుగులు అడిగినందుకు ఈ ముసుగులు తొడిగారు.

"ఆయనకు ఉబ్బసం ఉందయ్యా!" అక్క కిటికీలోంచి అరిచింది. "సంచి తియ్యండి! మీ కాళ్ళు పట్టుకుంటా, సంచి తియ్యండి!"

బావ భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా గుడ్డ నోటికి అతుక్కుపోతోంది. ఒక్క పొర గుడ్డయితే అంతలా అతుక్కోదు. గాలి లోపలికి రానిచ్చేది. అది నాకు తెలుసు. బస్సులో ఇంకెవ్వరికీ తెలియనంత బాగా నాకు తెలుసు. ఒక పోలీసు వచ్చి బస్సు తలుపు మీద లాఠీతో కొట్టాడు. డ్రైవరు బండి వెనక్కి తిప్పాడు.

ఆ ఆర్డరు వచ్చిన రోజు సూపర్‌వైజరు "ఏవో పరికరాల మీద కప్పే సంచులు" అన్నాడు. చేతి సంచి కంటే పెద్దది, దిండు గలేబు కంటే చిన్నది. ఏ పరికరమో మేం అడగలేదు. లైను మీద కూర్చున్నవాళ్ళకు టార్గెట్ తప్ప ఇంకేం కనపడుతుంది! నేను మాత్రం నమూనా పీసు వెలుతురుకు ఎత్తి చూశాను. గుడ్డ పల్చన. "సార్, దీంట్లోంచి దుమ్ము దూరుతుంది. లోపల ఇంకో పొర లైనింగ్ వేస్తే దుమ్ము రాదు, వెలుతురు కూడా రాదు," అన్నాను. పనితనం! పదిహేనేళ్ళ పనితనం! సూపర్‌వైజరు పొంగిపోయాడు. పైవాళ్ళకు చూపించాడు, వాళ్ళకూ నచ్చింది. ఆ నెల 'ఉత్తమ కార్మికురాలు' బిళ్ళ నాకే ఇచ్చారు. దాన్ని రోజూ ఛాతీ మీద పెట్టుకుని తిరిగాను. ఆ ఉదయం బస్సులో కూడా పెట్టుకునే ఉన్నాను.

ఫ్యాక్టరీకి చేరగానే అందరం కటింగ్ బల్ల చుట్టూ మూగి, చూసిందంతా చెప్పాం. కటింగ్ మాస్టారు ముసలాయన. సైన్యంలో దర్జీగా చేసి వచ్చిన మనిషి. మన సైన్యం ఒక పెద్ద దేశం సైన్యం వెంట ఎక్కడో పరాయి గడ్డ మీదికి పోయినప్పుడు ఈయన కూడా మిషను మోసుకుని వెళ్ళాడు. ఆ సంగతి మాకు తెలుసు కానీ ఎప్పుడూ అడగలేదు.

మా గుండీలక్క అడిగింది. గుండీలు కుట్టే మిషను ఆమెది, అందుకే ఆ పేరు. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషి.

"మాస్టారూ, ఇది ఏం సంచి?"

మాస్టారు కత్తెర కింద పెట్టాడు. "అక్కడ గుడారం గుడ్డతో కుట్టించేవాళ్ళు నాచేత," అన్నాడు. "పట్టుకున్నవాడికి దారి తెలియకూడదు, అందుకే అన్నారు మొదట్లో. తర్వాత దారి అయిపోయినా తీసేవాళ్ళు కాదు. రెండు రోజులు, మూడు రోజులు. ఇంకా తర్వాత, అది తొడిగితే గానీ వాళ్ళకు పొద్దుపోయేది కాదు. తొడిగి నవ్వుకునేవాళ్ళు. అక్కడి సందులకు కూడా ఇలాగే అక్షరాలు పెట్టారు. తలుపు మీద సుద్దతో అంకె, లోపల మగవాళ్ళు ఎంతమందో. వీధికి రెండు వైపులా మూసెయ్యడం, మోకాళ్ళ మీద కూర్చోబెట్టడం, తలలు ముట్టుకుని లెక్కపెట్టడం, అంతా అక్కడిదే. మా ఆఫీసర్లు అక్కడ నేర్చుకున్నారు. తిరిగొచ్చి కంపెనీలు పెట్టుకుని ఇప్పుడు పోలీసులకు పాఠాలు చెబుతున్నారు. ఆ చేతులు కడుక్కునేవాడు నాకు తెలుసు. అక్కడ కూడా కడుక్కునేవాడు."

"అక్కడివాళ్ళు పరాయివాళ్ళు. మనం వీళ్ళకేమవుతాం?" అంది ఇస్త్రీ బల్ల దగ్గరావిడ.

"వాళ్ళ పాఠంలో పరాయివాడికీ మనకీ తేడా రాయలేదమ్మా."

గుండీలక్క మెల్లగా అడిగింది. "ఈ నమూనా వచ్చిన రోజే మీకు తెలుసన్నమాట."

మాస్టారు కత్తెర మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "తెలుసు. ఇంకో రెండేళ్ళు పనిచేస్తే ఇంటికి పోతాను కదా అని..."

"థూ!" ఆమె ఆయన కాళ్ళ ముందే ఉమ్మింది. "నెల రోజులు మా చేత కుట్టించి, పక్కనే నిలబడి సుద్ద గీతలు గీశావా ముసలోడా!"

ఆయన తల దించుకున్నాడు. అందరూ ఆయన్ని తిట్టారు. నేను తిట్టలేదు. బిళ్ళ విప్పి నాడాల పెట్టెలో పడేశాను. ఆయన మీద ఉమ్మడం తేలిక. నా మీద ఎవరు ఉమ్మాలి?

మర్నాడు వ్యవహారం ఇంకో మలుపు తిరిగింది. సూపర్‌వైజరు ఒక మూట మోయించుకొచ్చి మా లైను మధ్యలో పడేయించాడు. ముక్కుకు చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, మూట మీద సెంటు కొట్టాడు.

"రిపేరు సరుకు. నాడాలు తెగినవి మార్చండి, చిరుగులు కుట్టండి. ఉతికించారట, ఏం కాదు."

ఉతికించలేదు. మూట విప్పగానే ఆ కంపు షెడ్డంతా కమ్మింది. వాంతి, ఉమ్ము, ఉచ్చ, మురిగిన చెమట, వాటి మీద ఆ దరిద్రపు సెంటు. నాడాల ముడుల్లో వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. ఒక సంచి నిండా ఎండిన కక్కు గడ్డకట్టింది. అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనావిడ గుడ్డ ముక్కల డబ్బాలోకి భళ్ళున వాంతి చేసుకుంది. మనుషులకు తొడిగి తీసినవే ఇవి. కడిగే ఓపిక కూడా లేక మళ్ళీ మా చేతికే పంపారు, మళ్ళీ ఇంకో మనిషికి తొడగడానికి. ఎంత రోత బతుకండీ వాళ్ళది! ఆ రోతలో మా చేతులు కూడా ఉన్నాయి.

నా చేతికి వచ్చిన సంచి పైకి బాగానే ఉంది. తిరగేశాను. లోపలి లైనింగ్‌లో నోరు పట్టేంత జాగా కొరికి చింపి ఉంది. చుట్టూ నెత్తురు ఎండి గోధుమరంగు మరక. లోపలి గుడ్డ తెగింది. పై గుడ్డ మీద పళ్ళ గాట్లు పడ్డాయి కానీ అది తెగలేదు. అంచు చూశాను. చివర మూడుసార్లు వెనక్కి కుట్టిన కుట్టు. మా లైనులో మూడుసార్లు వేసేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు రెండుసార్లు వేస్తారు.

అక్క నా చేతిలోంచి సంచి లాక్కుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అంత కంపులో కూడా ఆమెకు అది తెలిసింది.

"ఛాతీకి రాసే మందు," అంది. "రోజూ నేనే రాస్తాను."

ఆ చిరుగులో వేలు పెట్టి చూసుకుంది. పై గుడ్డను గోటితో గీకింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"ఒక్క పొరే అయితే కొరకగలిగేవాడు."

అంతే అంది. సాయంత్రం కాకముందే గేటు కాపలాదారు వచ్చి అక్కను పిలిచాడు, ఆస్పత్రి నుంచి కబురు వచ్చిందని. ఇద్దరం పరిగెత్తాం. బావను ఇనుప బల్ల మీద పడుకోబెట్టారు. పెదాలు చిట్లిపోయాయి. మెడ చుట్టూ నాడా అంత వెడల్పున కమిలిన గీత. చేతికిచ్చిన కాగితంలో 'పాత ఉబ్బసం వల్ల సహజ మరణం' అని రాశారు. అక్క ఆ కాగితం మడిచి, ఒక్క కన్నీటి చుక్క కూడా రాల్చకుండా నాకిచ్చింది. ఇంటిదాకా నాతో మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం విరామంలో మీటింగు పెట్టుకున్నాం. అన్నం డబ్బాలు ఎవ్వరూ తెరవలేదు. మిగతా పదమూడు మంది ఎక్కడున్నారో ఇంకా తెలియదు. ఆర్డరులో ఎనిమిది వందల సంచులు మర్నాటికి అందించాలి.

"మిషన్లు ఆపేద్దాం," అంది ఇస్త్రీ ఆవిడ.

"ఆపితే? రోడ్డుకు అటువైపు షెడ్డు ఉంది కదా. రేపటినుంచి వాళ్ళు కుడతారు. మనం రోడ్డు మీద పడతాం, సంచులు మాత్రం ఆగవు," అంది ఓవర్‌లాక్ ఆవిడ.

"అలాగని కుడుతూ కూర్చుందామా? సిగ్గుండాలి!"

"సిగ్గు తింటే కడుపు నిండుతుందేంటే? నీ మొగుడు సంపాదిస్తున్నాడు, నువ్వు మాట్లాడతావు!"

ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి అరుచుకున్నారు. నేను లేచాను. రెండు రోజులుగా మనసులో పెట్టుకున్న మాట బయటికి తీశాను.

"లైనింగ్ తీసేద్దాం. ఎవ్వరికీ చెప్పకుండా. కనీసం గాలి ఆడుతుంది. కనీసం ఎవరూ చావరు."

కొందరు తలూపారు. వెనకనుంచి అక్క గొంతు వినపడింది. ఎప్పుడొచ్చిందో, తలుపు దగ్గర నిలబడి ఉంది.

"గాలాడే సంచి కుడతావా? ముద్దొస్తున్నావే! పోయి సూపర్‌వైజరుకి చెప్పు, ఇంకో బిళ్ళ ఇస్తాడు."

నా మొహం మాడిపోయింది. అక్క నన్ను దాటుకుని తన మిషను దగ్గరికి వెళ్ళింది. కొత్త సంచి ఒకటి తీసింది. మూతి రెండంచులు కలిపి పట్టుకుని, ఈ చివర నుంచి ఆ చివరకు బర్రున కుట్టేసింది. చివర వెనక్కి కుట్టింది. ఒకటి, రెండు, మూడు. నా కుట్టు! దారం తెంపి సంచిని నా మీదికి విసిరింది.

"ఆర్డరు ఆపొద్దు. ఎనిమిది వందలూ ఇద్దాం," అంది. "మూతులు ఉండవు, అంతే. వాళ్ళకు అవసరం పడ్డప్పుడే తెలియాలి."

గుండీలక్క పకాలున నవ్వింది. "ఓసి నీ దుంపతెగ!"

కటింగ్ మాస్టారు ఎవ్వరూ పిలవకుండానే తన బల్ల వదిలి వచ్చాడు. "మూతి ఒక్కటే కుడితే బ్లేడుతో విప్పేస్తారమ్మా," అన్నాడు. సుద్ద తీసి సంచి మీద అడ్డంగా నాలుగు గీతలు, నిలువుగా నాలుగు గీతలు గీశాడు. "ఇలా కుట్టండి. చీల్చినా చెయ్యి కూడా దూరదు." గుండీలక్క ఆయన వైపు చూసి, ముందుకు జరిగి సుద్ద గీసిన సంచి అందుకుంది. క్షమించిందని కాదు. పని ఉంది.

ఆ సాయంత్రం మా లైను కుట్టినంత వేగంగా ఎప్పుడూ కుట్టలేదు. కట్టకు యాభై చొప్పున కట్టాం. ప్రతి కట్ట పైనా కిందా రిపేరు సంచులు, ఆ కంపువి, ఉన్నవి ఉన్నట్టు పెట్టాం. సూపర్‌వైజరు ముక్కు మూసుకుని దూరం నుంచే కట్టలు లెక్కపెట్టుకుని సంతకం చేశాడు. ఒక్కటి కూడా విప్పి చూడలేదు. వాళ్ళకు వాళ్ళ పని మీదే అంత అసహ్యం.

మర్నాడు పొద్దున్నే సరుకు బండి గేటు దాటగానే మిషన్లన్నీ ఆపేశాం. నలభై మందిమీ గేటు ముందు రోడ్డు మీద కూర్చున్నాం. కటింగ్ మాస్టారు కూడా మా వెనకాల కూర్చున్నాడు. మా పదమూడు మందిని వదలాలి. మా బావ మెడకు నాడా బిగించినవాడిని కోర్టుకు ఎక్కించాలి. గొయ్యిలో దిగేవాళ్ళకు ముసుగులు, తాళ్ళు ఇవ్వాలి. మా నినాదాలు అవే. అటువైపు షెడ్డు వాళ్ళు కిటికీల్లోంచి చూస్తున్నారు, కానీ వాళ్ళ మిషన్లు ఆడుతూనే ఉన్నాయి.

గంట తిరక్కుండా ఇసుక రంగు బండి వచ్చింది. అటూ ఇటూ రోడ్డు మూశారు. మమ్మల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టి చేతులు వెనక్కి కట్టేశారు. ఆఫీసరు నడుచుకుంటూ వచ్చి, అచ్చం ఆ రోజులాగే, ఒక్కో తల ముట్టుకుని లెక్కపెట్టాడు. నా తల మీద ఆ చెయ్యి పడ్డప్పుడు ఒళ్ళంతా బల్లి పాకినట్టయింది. సీసా తీసి చేతులు కడుక్కున్నాడు.

"ముసుగులు," అన్నాడు.

ఒక పోలీసు బండిలోంచి, పొద్దున్నే మేం పంపిన కొత్త కట్ట తెచ్చి తాడు కోశాడు. పైనున్న సంచి కంపు కొట్టగానే "ఛీ!" అని పారేశాడు. రెండోది తీశాడు. మూతి వెతికాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఇంకోటి తీశాడు. ఇంకోటి. వాడి చేతుల్లో నాడా వేలాడుతోంది, కానీ తల దూర్చే జాగా లేదు.

"ఏంట్రా?" అన్నాడు ఆఫీసరు.

"సార్, దీనికి... మూతి లేదు సార్."

ఆఫీసరు చాకు తీసి తనే ఒకటి చీల్చాడు. నాలుగు వేళ్ళు కూడా పట్టలేదు. ఇంకోచోట చీల్చాడు. అక్కడా కుట్టే. కట్ట తర్వాత కట్ట విప్పించాడు. నడి రోడ్డు నిండా నల్ల గుడ్డ పోగైంది. వాడి మొహం చూడాలి! గుండీలక్క మోకాళ్ళ మీద కూర్చునే విరగబడి నవ్వింది. "ఏం సారూ, సైజు సరిపోలేదా? కొలతలు ఇవ్వండి, మళ్ళీ కుడతాం!" బూటు కాలితో వీపు మీద తన్నారు ఆమెను. పడి కూడా నవ్వింది. ఆ నవ్వు నలభై మందికీ అంటుకుంది.

వాళ్ళ బండి పది మందికి మించి పట్టదు. అందుకని స్టేషను దాకా నడిపించారు. మొహాలు కప్పని నడక అది, వాళ్ళు అనుకోని నడక. వీధి వీధంతా బయటికి వచ్చింది. "అదిగో మా వదిన!" "అత్తా, పిల్లల్ని నేను చూసుకుంటా!" "పెద్దమ్మా, భయపడకు!" సైకిళ్ళ తాత ఒక్కొక్కరినీ పట్టి చూసి ఎవరి ఇంటి మనిషో గట్టిగా చెబుతున్నాడు. ఎవరిని తీసుకుపోతున్నారో ఆ పూట ఊళ్ళో తెలియనివాడు లేడు. ఆ సంచి ఉన్నదే అది తెలియకుండా ఉండడానికి.

కానీ బయల్దేరేటప్పుడు మొట్టమొదట దాటింది ఎదురు షెడ్డునే. అక్కడ అక్క ఆగిపోయింది. వెనకనుంచి తోస్తున్నా కదల్లేదు. మెడ పైకెత్తి కిటికీల్లో ఉన్నవాళ్ళతో మాట్లాడింది.

"అమ్మా, రేపు ఈ ఆర్డరు మీ దగ్గరికి వస్తుంది. నల్ల గుడ్డ, నాడా. పరికరాల మీద కప్పే సంచి అంటారు. మా ఆయన అందులోనే ఊపిరాడక చచ్చిపోయాడు. దానికి లైనింగ్ ఎవరు వెయ్యమన్నారో మా చెల్లెల్ని అడగండి. చెబుతుంది."

కిటికీల్లో మొహాలన్నీ నా వైపు తిరిగాయి. కాళ్ళ కింద భూమి చీలితే దూరిపోదామనిపించింది. సంచి ఉంటే బాగుండునని, మీ మీద ఒట్టు, ఆ ఒక్క క్షణం అనిపించింది.

"నేనే," అన్నాను. "లైనింగ్ వెయ్యమన్నది నేనే. దుమ్ము దూరకూడదని చెప్పాను. మా బావ లోపలి గుడ్డ కొరికాడు. పై గుడ్డ తెగలేదు. మీరు అడగండి. ఏది కుట్టమన్నా, ఎవరికి అని అడగండి!"

కిటికీ పక్కన ఒక మిషను ఆగింది. దాని పక్కది ఆగింది. ఆ వరసంతా ఆగింది. లోపల దూరంగా మిగతావి ఇంకా మోగుతున్నాయి.

అక్క నా వైపు చూడకుండానే అంది, మూడు రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మంచి మాట.

"ఇంకొంచెం గట్టిగా చెప్పవే. వెనక లైను వాళ్ళకు వినపడలేదు."

గట్టిగా చెప్పాను. ఆ మిషన్లు కూడా ఆగేదాకా చెప్పాను.